మిగిలిన మూడు పొరలు

శుక్రవారం పొద్దున రమ చేయాల్సిన పనులు ఇవి. ల్యాబ్ తాళం తీయగానే మైనం గిన్నె స్విచ్ వేయాలి; అది కరగడానికి గంట పడుతుంది. ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసి రిజిస్టర్లో రాయాలి. నిన్నటి బ్లాకులను ఐసు మీద పెట్టాలి. బ్లాకులను పొరలుగా కోసే మైక్రోటోమ్ బ్లేడు మార్చాలి. గొల్లపల్లి నుంచి టీచరమ్మ థైరాయిడ్ రిపోర్టు కోసం పదకొండింటికి వస్తుంది, ఆ లోపల సంతకం చేయించి పెట్టాలి. సిరిసిల్లలో బాపుకు ఫోన్ చేసి దగ్గుమందు తాగాడో లేదో అడగాలి, తాగలేదంటే తిట్టాలి. 212 నంబరు కేసుకు హైదరాబాద్ నుంచి వచ్చిన రిపోర్టు దించి, ప్రింటు తీసి, శ్యాంసుందర్ సార్ బల్ల మీద పెట్టాలి.

అన్నిటికన్నా కింద రాసుకున్న పనిని ఆమె అన్నిటికన్నా ముందు చేసింది.

212 నంబరంటే వీరేందర్. కోరుట్ల వైపు ఇబ్రహీంపట్నం మనిషి, ముప్పై ఒక్క ఏళ్లు. మస్కట్‌లో పైపుల పని చేస్తూ నడుం నొప్పి, కడుపు నొప్పి అని తిరిగొచ్చాడు. స్కాన్ తీస్తే కడుపులో వెనక వైపు, వెన్నెముకకు ఆనుకుని గడ్డ కనబడింది. కోరుట్లలో ఒక నర్సింగ్ హోమ్‌లో సూది పెట్టి నాలుగు సన్నటి ముక్కలు తీశారు. సేమియా పలుకుల్లాంటి ఆ ముక్కలను మందునీళ్ల సీసాలో వేసి ఇంటివాళ్ల చేతికే ఇస్తే, తల్లి బాలమ్మ, భార్య సరిత ఆ సీసాను తువ్వాలలో చుట్టుకుని బస్సులో జగిత్యాల తెచ్చారు. కౌంటర్ దగ్గర ఫారం నింపింది రమ. ముక్కలను మైనంలో పోసి బ్లాకు చేసింది కూడా రమ.

డాక్టర్ శ్యాంసుందర్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అడిగారు. "ఏమన్నరు హైదరాబాదోళ్లు?"

"తేల్చలే సార్. కార్సినోమా మార్కరు ఏదో అక్కడక్కడ పట్టిందట. లింఫోమాది నెగటివ్. ఎస్‌హండ్రెడ్ నెగటివ్. ఇంకా కొన్ని మార్కర్లు చేయాల్నట."

"చేయాల్నట! చేయడానికి ముక్క ఏది?"

"బ్లాకు తిరిగొచ్చింది సార్. వెలుగుకు పట్టి చూసిన. మహా అయితే మూడు పొరలొస్తయి."

"మల్ల సూది పెట్టేది లేదా?"

"మొదటిసారే రక్తం ఆగలేదట. ఇంకోసారి ముట్టనని సర్జన్ గారు చెప్పిండ్రట."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి కుర్చీ పక్కకు జరుపుకున్నారు. అంటే సైటు తెరవమని అర్థం. రమ కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఒక్కో జాతి గడ్డ కణాల మీద ఒక్కో రకం గుర్తులుంటాయి, అవే మార్కర్లు. బ్లాకు నుంచి కోసిన పొర మీద ఆ గుర్తును వెతికే మందు వేస్తే, గుర్తు ఉన్నచోట గోధుమరంగు పడుతుంది, లేనిచోట పడదు; ఒక్కో మార్కరుకు ఒక్కో పొర ఖర్చవుతుంది. ఏ గడ్డకు ఏ గుర్తు నూటికి ఎన్నిసార్లు పట్టిందో ప్రపంచంలో అచ్చయిన పరిశోధనలన్నీ ఏరి ఆ సైటులో పెట్టారు. ఎడమ పక్క మార్కర్ల పేర్లు, వాటి ఎదురుగా ప్లస్సు, మైనస్సు. మన దగ్గర ఉన్న ఫలితాలు నొక్కితే కుడి పక్క గడ్డల పేర్లు వరసగా దిగుతాయి, దేనికి ఎంత అవకాశమో పక్కన అంకె. ఏ పరిశోధనలోంచి ఆ అంకె వచ్చిందో నొక్కి చూసుకోవచ్చు. ఇంత పెద్ద పుస్తకం జగిత్యాలలో ఒక మెడికల్ షాపు మీది గదిలో తెరుచుకుంటుందని డిగ్రీ చదివే రోజుల్లో రమకు ఎవరైనా చెబితే నమ్మేది కాదు.

ఆమె మూడు ఫలితాలు నొక్కింది. ముప్పైకి పైగా పేర్లు దిగాయి.

"చూసినవా. మనం మూడు మాటలు చెప్పినం, అది ముప్పై పేర్లు చెప్పింది." సార్ నవ్వి, పైనుంచి ఒక్కొక్క పేరే చదువుతూ పోయారు. ఒక సార్కోమా, కండల్లో కొవ్వులో పుట్టే జాతి. ఇంకో సార్కోమా. మూడో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. సెమినోమా.

"ఇదైతే మంచిగుండు" అన్నారు.

"ఏంది సార్?"

"బీజాలల్ల, అంటే వృషణాలల్ల, పుట్టే గడ్డ. గీ వయసు మొగోళ్లకే ఎక్కువ. కడుపుల ఎంత పెరిగినా మందుకు కరుగుతది. మిగతావి గింత పెద్దగైనంక మనం చేసేది పెద్దగ ఉండదు. గీ లిస్టుల మనిషిని బతికించే పేరు పైన ఇదొక్కటే ఉన్నది." ఆయన చెయ్యి చాచారు. "ఫారం తియ్యి."

రమ ఫారం ఇచ్చింది. పాత ఆపరేషన్ల గడిలో ఆమె చేతిరాతే ఉంది: ఐదేళ్ల వయసులో బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్. దాని వెనక గుచ్చిన నర్సింగ్ హోమ్ కాగితంలో, బయటి అవయవాలు మామూలే అని పొట్టి అక్షరాల్లో ఉంది. సార్ అప్పటికప్పుడు కోరుట్లకు ఫోన్ చేశారు. "రాసినం కద సార్, అన్నీ నార్మలే" అని డ్యూటీ డాక్టర్ గొంతు రమకు కూడా వినబడింది.

సార్ ఫోన్ పెట్టేసి ఒక కాగితం ముందుకు లాక్కున్నారు. "ఆశ మీద పొర ఖర్చు పెట్టలేం రమా. ఉన్నవే మూడు. బీజాలు సక్కగున్నయంటున్నరు, అటు దిక్కు పరీక్షలు వృథా." కాగితం మీద మూడు మార్కర్ల పేర్లు రాశారు, మూడూ సార్కోమా వైపువి. "సోమారం కోసి కొరియర్ చెయ్యి. గవి కూడ పట్టకపోతే, తేలలేదని రాసి ఇచ్చుడే. వాళ్లు ఇంటికి తీసుకపోతరు."

రమ ఆ కాగితాన్ని బ్లాకుకు రబ్బరు బ్యాండుతో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

*

ఆదివారం కూడా సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తున్నాయి. స్కూలు బట్టల ఆర్డరు వచ్చిందని సేటు సెలవు ఇవ్వలేదు. రమ తండ్రి మార్కండేయులు నాలుగు సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగును రెండు వేళ్లతో పట్టి ముడేస్తూ, మళ్లీ మరను తట్టి లేపుతున్నాడు. మరమగ్గాల చప్పుడుకు ఇక్కడివాళ్ల గొంతులన్నీ పెద్దవే. ఇంట్లో కూర్చుని ఉప్పు అడిగినా బజారుకు వినబడుతుంది.

రమ సద్ది గిన్నె, దగ్గుమందు సీసా పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. మూలన నూలు కండెలు చుట్టే సత్యవ్వ ఆమెను చూసి చెయ్యి ఊపి పక్కకు పిలిచింది.

"బిడ్డా, నువ్వు దవఖాన్ల మంచి చెడ్డ ఎరిగినదానివి. మా ఆయినెకు ఆపరేషన్ జెయ్యాలె అంటుండ్రు. జగిత్యాలల ఎవలన్న మంచి డాక్టర్ ఉంటె చెప్పరాదు."

"ఏం ఆపరేషన్ పెద్దమ్మా?"

సత్యవ్వ చుట్టూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. నాలుగు సాంచాల మోతలో రమకు 'బొడ్డు' అని వినబడింది.

"బొడ్డు దగ్గరనా? హెర్నియానా?"

సత్యవ్వ నొసలు కొట్టుకుంది. మళ్లీ అంది. మళ్లీ రమకు అదే వినబడింది. "బొడ్డే కద పెద్దమ్మా?"

"బొడ్డు కాదే పిచ్చిపిల్లా!" కొంగు వదిలేసి అరిచింది సత్యవ్వ. "బుడ్డ! బుడ్డ!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నాలుగు సాంచాలూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ ఒక్క మాట షెడ్డంతా ఒంటరిగా నిలబడింది.

"ఎవలిది సత్తెక్కా?" అవతలి వరసలోంచి ఒక గొంతు.

"నీ అయ్యది!" అంది సత్యవ్వ. షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. సత్యవ్వ కూడా కండెల బుట్టలో తల దూర్చి నవ్వింది. మార్కండేయులు నవ్వుతూ దగ్గుతూ మందు సీసా కోసం చెయ్యి చాచాడు.

రమ సీసా ఇవ్వలేదు. ఆమె చేతిలో అది అలాగే ఉండిపోయింది.

ఈ వైపు పెద్దవాళ్లు మగవాళ్ల బీజాలకు వచ్చే రోగాన్ని బుడ్డ అంటారు. ఆ చోటికి చేసే ఏ ఆపరేషన్ అయినా వాళ్ల నోట బుడ్డ ఆపరేషనే. రమకు తెలియని మాట కాదు. కానీ ఆ రోజు కౌంటర్ దగ్గర బాలమ్మ ఇలాగే కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎనిమిది మంది నిలబడి ఉన్నారు, ఫోన్ మోగుతోంది. రమ ఒకసారి విని, రాసుకుంటూ, పైకి చదివింది: "బొడ్డు దగ్గర ఆపరేషన్, అంతే కదా అవ్వా?" ముసలామె పక్కకు చూసి, ఒక క్షణం ఆగి, "ఆ, గంతే" అంది. ఆ ఒక్క క్షణాన్ని రమ ఇప్పుడు చూస్తోంది.

"ఏమైంది బిడ్డా?" తండ్రి దగ్గరికి వచ్చాడు.

ఆమె చెప్పింది. ఏ మాట విన్నదో, ఏ మాట రాసిందో, రేపు ఆ మూడు పొరలు ఎటు పోతున్నాయో అంతా చెప్పింది. మార్కండేయులుకు మార్కర్లు అర్థం కాలేదు గాని మిగతాదంతా అర్థమయింది.

"సార్‌కు చెప్పినవా?"

"ఇప్పుడే కద యాదికొచ్చింది. తిడ్తడేమో బాపు. నౌకరి పోతదేమో."

"పోతె సత్తెవ్వ పక్కన కూసోని కండెలు చుట్టు. నేను నేర్పిస్త." ఆమె చేతిలోంచి సీసా తీసుకుని మూతలో మందు పోసుకున్నాడు. "ముందుగాల ఫోన్ చెయ్యి. కరెంటస్తె నీ మాట నీకే వినవడది."

రమ బయటికి వెళ్లి షెడ్డు గోడ నీడలో నిలబడి ఫోన్ చేసింది. తప్పు రాశానేమోనని చెప్పింది. 'ఏమో' అనే మాట తన నోటికి బాగా అనిపించక, "ఏమో కాదు సార్, నేను తప్పే రాసిన అనుకుంటున్న" అంది. సార్ ముందు ఒక్కటే అడిగారు.

"బ్లాకు కోసినవా?"

"లేదు సార్."

"కొయ్యకు. పొద్దుగాల నేరుగ కోరుట్ల పో. ఆమెను అడుగు. ఒక్కదాన్నే పిలిచి అడుగు, పదిమంది ముంగట కాదు. రక్తం తీసే సామాను కూడ తీసుకపో."

*

కోరుట్ల నర్సింగ్ హోమ్‌లో ఆ రోజే వీరేందర్‌ను ఇంటికి పంపిస్తున్నారు. మంచం కింద ఉన్న సామానంతా సరిత ఒక సంచిలో సర్దుతోంది. మంచం పక్క కుర్చీలో పరామర్శకు వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. వరసకు బాలమ్మకు వదినె. ఆమె తెచ్చిన అరటిపండ్లు ఆమే ఒకటి తింటోంది.

"అడుగు వెట్టిన యాళ్ల మంచిది గావాలె" అంటోంది ఆమె, ఎవరితోనూ కాదన్నట్టు, అందరికీ వినబడేట్టు. "ఆరేండ్లాయె, కడుపన్న పండకపాయె. ఇగ ఇప్పుడు మొగని మీదికే అచ్చె."

సరిత వంచిన తల ఎత్తలేదు. తడి తువ్వాలను పిండింది. నీళ్లు రావడం ఆగిపోయినా పిండుతూనే ఉంది. బాలమ్మ కొడుకు పాదాలు ఒత్తుతూ కిటికీలోకి చూసింది. వీరేందర్ కళ్లు మూసుకున్నాడు గాని నిద్రపోవడం లేదని అతని దవడ చెబుతోంది.

రమ గుమ్మంలోంచి బాలమ్మను పిలిచింది. వరండా చివర నీళ్ల నల్లా దగ్గర, ఆయా రూతమ్మ బకెట్ నింపుకుంటున్న చోట, ఇద్దరూ నిలబడ్డారు. సరిత ఖాళీ సీసా పట్టుకుని వెనకే వచ్చింది.

"నువ్వు పో" అంది బాలమ్మ కోడలితో. "వాని దగ్గర ఉండుపో. నీళ్లు నేను తెస్త."

సరిత సీసా అక్కడ పెట్టి వెనక్కి తిరిగింది. ఆమె గది వైపు నాలుగు అడుగులు వేసిందాకా బాలమ్మ చూస్తూనే ఉంది.

"అవ్వా, ఆ దినం మీరు చెప్పింది బొడ్డా, బుడ్డా?"

ముసలామె చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోయింది. "రాసుకున్నవు గద బిడ్డా. రాసింది అట్లనే ఉండని."

"నేను తప్పు రాసిన అవ్వా. తప్పు నాది. కని మీరు మల్ల చెప్పకపోతె వీరేందర్ అన్నకు తప్పు పరీక్షలు జరుగుతయి. ముక్క మూడుసార్లకే ఉన్నది. ఆపైన ఎవ్వలం ఏం చేయలేం."

"ఇంటికి తీసుకపొమ్మన్నరు. ఇంకేం పరీక్షలు?"

"ఒక గడ్డ ఉన్నదట. బీజాలల్ల లోపం ఉన్నోళ్లకు ఎక్కువ వచ్చేది. అదైతె మందుకు కరుగుతదని మా సార్ అన్నడు. అదో కాదో మీరు చెప్తెనే తెలుస్తది."

బాలమ్మ నల్లా గట్టు మీద కూర్చుంది. మాట్లాడేటప్పుడు రమను చూడలేదు, బకెట్లో పడే నీళ్లను చూసింది.

"ఐదేండ్ల పోరడు. రెండు దిగాలె గద, ఒక్కటే దిగింది. దవఖాన్ల కోసి చూసిన్రు. రెండోది దొరకలే, పైన్నే యాడనో ఉన్నది, ఏం కాదు తీస్కపోండ్రి అన్నరు. మా ఆయిన కల్లుకు తాళ్లెక్కేటోడు. పోరన్ని ఎక్కియ్యద్దు, మోకు నడుముకు ఒత్తుకుంటదని నేనే కొట్లాడిన. కులం పని నేర్వకపాయె. అందుకనే మస్కట్ పోయిండు. లేకుంటె పొద్దు మాపు నా కండ్ల ముందట్నే ఉండు."

"ఆ దినం ఎందుకు చెప్పలేదవ్వా? నేను మల్ల చదివిన గద."

"కోడలు పక్కకే నిలవడ్డది." ముసలామె గొంతు చాలా సన్నబడింది. "పెండ్లికి ముందు చెప్పలే. చెప్తె పిల్లనెవలిస్తరు? ఇగ పిల్లలు గాకపాయె. ఊరంతా దాన్నే అనవట్టె. నేను ఊకున్న. ఇప్పుడు దాని ముంగట ఏ మొకం వెట్టుకోని చెప్పుదు?"

"నాకు ఎరికే అత్తమ్మా."

సరిత గది గుమ్మంలోకి పోనే లేదు. వరండా స్తంభం దగ్గరే ఆగిపోయి ఉంది.

"పెండ్లయిన మూడో దినమే ఎరుక" అంది. "ఆయనే చెప్పిండు. చెప్పుకుంట ఏడ్సిండు. అవ్వకు చెప్పకు, నీకు తెలిసిందంటె ఆమె తట్టుకోదన్నడు. మీ ముంగట ఎన్నడన్న అన్ననా?"

"మరి వాళ్లు గన్ని మాటలంటుంటె..."

"అంటె అన్నరు. నన్ను గొడ్రాలంటె నేను పడుత. ఆయిన్ను ఒక మాట అంటె ఎట్ల పడుదు? రెండేండ్లకోపాలి నలభై దినాలస్తడు. ఆ నలభై దినాలు ఊర్ల తలెత్తుకోని తిరగద్దా?"

రూతమ్మ బకెట్ నిండి పొర్లిపోతోంది. ఆమె నల్లా కట్టేయడం మరిచిపోయి నిలబడింది.

బాలమ్మ లేచి కోడలి దగ్గరికి పోయింది. దవాఖానాలో నేల మీద పడుకునీ పడుకునీ సరిత జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడిపోయి ఉంది. రెండు రోజుల నుంచి కొంగుతో కప్పుకుంటోంది. బాలమ్మ తన పుస్తెల తాడుకు ఉన్న పిన్నీసు తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ చిరుగును కలిపి పిన్నీసు పెట్టింది. అది గుచ్చుకుంటుందేమోనని లోపల వేలు పెట్టి చూసింది. తర్వాత లోపలికి నడిచింది.

"వదినె" అంది, కుర్చీలో ఉన్నామెతో. "ఇందాక అన్న మాట ఇంకోపాలి అనకు. లోపం నా కొడుకు ఒంట్ల ఉన్నది. చిన్నప్పటి సంది ఉన్నది. నాకు ఎరికుండి దాచిన. నా కోడలు ఎరికుండి మోసింది."

వదినె చేతిలోని అరటిపండు అలాగే ఆగిపోయింది. వీరేందర్ కళ్లు తెరిచి తల్లిని చూశాడు, తర్వాత భార్యను. సరిత అతని దుప్పటి సర్దే నెపంతో మొహం వంచుకుంది.

శ్యాంసుందర్ సార్ అప్పటికే సర్జన్‌తో మాట్లాడినట్టున్నారు. డ్యూటీ డాక్టర్ వచ్చి, తెర వేసి, ఈసారి చూశాడు. బయటికి వచ్చాక రమ వైపు చూడకుండా, "కుడి పక్క ఖాళీ. గజ్జల్లో పాత కోత ఉంది" అని కాగితం మీద రాసి ఇచ్చాడు. తల్లి చెప్పింది నిజం; దిగకుండా కడుపులోనే ఉండిపోయిన ఆ రెండోదే గడ్డగా మారి ఉండొచ్చు.

రమ రక్తం తీయడానికి కూర్చుంది. మూడు పరీక్షలు రాయమన్నారు సార్. అందులో ఒకటి కడుపుతో ఉన్న ఆడవాళ్లకు చేసేదే. ఇలాంటి గడ్డలు కొన్ని ఆ పదార్థాన్నే రక్తంలోకి వదులుతాయి. సీసా మీద చీటీ అంటిస్తుంటే రూతమ్మ తొంగి చూసింది. అక్కడ పదేళ్లుగా హెచ్‌సీజీ అనే ఆ మూడక్షరాలు చూస్తున్న మనిషి.

"గిదేంది బిడ్డా, మొగపిలగానికి కడుపు పరీక్షనా? ఏం కాలమచ్చె ప్రభువా!"

బాలమ్మ తెల్లబోయింది. సరిత మాత్రం, ఆ పొద్దుటి నుంచి మొదటిసారి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "నాకు నాలుగుసార్లు చేసిన్రక్కా. ఒక్కసారన్న ఆయినెకు సెయ్యనియ్యి."

వీరేందర్ చెయ్యి చాచి ఇచ్చాడు. "సక్కగ చూడక్కా. పాస్ అయితె మా అవ్వ ఊర్ల శక్కరి పంచుతది." అతను నవ్వితే కడుపు నొచ్చింది. అయినా నవ్వాడు.

*

మధ్యాహ్నానికి రమ జగిత్యాల చేరింది. ముందుగా ఫారం తీసింది. ల్యాబులో రాసిన దాన్ని చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. తప్పు మీద ఒక్క గీత గీయాలి, కింద ఏముందో కనబడాలి. పక్కన సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. రమ అలాగే చేసింది. బొడ్డు మీద గీత పడింది. తన తప్పు కూడా తన సంతకంతోనే ఫైల్లో ఉండిపోతుంది. సార్ అది చదివి, శుక్రవారం రాసిన మూడు మార్కర్ల కాగితాన్ని తీసి చించేశారు. కొత్తగా మూడు పేర్లు రాశారు. ఓసీటీ ఫోర్, సాల్ ఫోర్, సీడీ వన్ సెవెంటీన్.

"మూడూ సెమినోమా దిక్కే పెడ్తున్న" అన్నారు. "ఇప్పుడు ఆశ మీద కాదు. ఆ తల్లి మాట మీద."

బ్లాకును ఐసు మీద ఇరవై నిమిషాలు పెట్టింది రమ. మైనం గట్టిపడాలి. కొత్త బ్లేడు బిగించింది. అసలు కష్టం బ్లాకు మొహాన్ని బ్లేడుకు సమంగా నిలబెట్టడంలో ఉంది. వెంట్రుక వాసి వంకర ఉన్నా మొదటి కోత మైనంతో పాటు ముక్కను కూడా చెక్కుకుపోతుంది. ఆమె మరలు తిప్పింది, వంగి చూసింది, వెనకనుంచి దీపం పెట్టి బ్లేడుకూ బ్లాకుకూ మధ్య సందు రెండు కొసలా ఒకేలా ఉందా అని చూసింది. ఫ్యాను ఆపేసింది. ఊపిరి బిగపట్టి చక్రం తిప్పింది.

మొదటి పొర వచ్చింది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. దాని కొసకే అంటుకుని రెండోది, మూడోది, తెల్లటి పట్టీలా దిగాయి. నాలుగోదానికి చక్రం తిప్పితే ఉత్త మైనమే వచ్చింది. బ్లాకులో ఇక వీరేందర్ లేడు.

పట్టీని కుంచె కొసతో ఎత్తి గోరువెచ్చని నీళ్ల మీద పరిచింది. ముడతలు వాటంతట అవే విప్పుకున్నాయి. ఒక్కొక్క పొర కిందికి ఒక్కొక్క స్లైడును జారవిడిచి, నీళ్లలోంచి నిదానంగా పైకి లేపింది. మూడు స్లైడులు. నంబర్లు వేసి, డబ్బాలో పెట్టి, కొరియర్ అతను సంతకం చేసేదాకా పక్కనే నిలబడింది.

సాయంత్రం రక్త పరీక్షలో ఆ కడుపు పరీక్ష అంకె మామూలుకన్నా కొంచెం పెరిగి ఉంది. "కొంచెమే" అన్నారు సార్. "కొంచెమైనా మొగోనికి ఉండద్దు. కని ఇదొక్కటే చాలదు. ఆగుదాం."

మంగళవారం, బుధవారం రమ పొద్దున తలుపు తీయగానే మెయిల్ చూసింది. బాలమ్మ బుధవారం రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ ఏమీ అడగలేదు, తిన్నవా బిడ్డా అని మాత్రం అడిగింది.

గురువారం మూడింటికి హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. మూడూ పట్టాయి. ఓసీటీ ఫోర్ ప్రతి కణం నడిబొడ్డులోనూ ముదురు గోధుమరంగులో, అనుమానానికి చోటు లేకుండా పట్టింది. ఫొటోలు కూడా పంపారు. సార్ వాటిని పెద్దవి చేసి చూసి, "సైటు తెరువు" అన్నారు.

"ఇంకెందుకు సార్, తేలింది గద?"

"మనం అనుకున్నది మనమే చెప్పుకుంటె తేలినట్టా? అడుగు."

రమ పాత మూడు ఫలితాలు నొక్కింది. కొత్త మూడు నొక్కింది. తెర ఒకసారి తెల్లబడి మళ్లీ నిండింది. సార్కోమాల పేర్లు కిందికి, ఎక్కడికో జారిపోయాయి. పైన సెమినోమా ఒక్కటే నిలబడింది. దాని తర్వాతి పేరుకు చాలా దూరం ఉంది. సార్ కళ్లద్దాలు దించుకుని ఆ అంకె వెనక ఉన్న పరిశోధనలు ఒక్కొక్కటి తెరిచి చదివారు. గంట పట్టింది. తర్వాతే రిపోర్టు రాశారు.

బాలమ్మ, సరిత శుక్రవారం వచ్చారు. హైదరాబాద్ బస్సు పన్నెండింటికి. వీరేందర్ కింద మెడికల్ షాపు బెంచీ మీద కూర్చున్నాడు, మెట్లు ఎక్కలేక. సార్ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు.

"గ్యారంటీ అని నేను ఎవ్వలకు చెప్ప. మందులు గట్టివి. వెంట్రుకలు రాల్తయి, వాంతులైతయి, మూడు నాలుగు నెలలు పడ్తది. కని ఇది కరిగే జాతి గడ్డ. నూటికి ఎక్కువమంది మంచిగై పనికి పోతున్నరు. ఇంటికి తీసుకపోయేది కాదమ్మా. దవఖానకు తీసుకపోయేది."

బాలమ్మ ఆ మాటలు రెండోసారి చెప్పించుకుంది. సరిత మాత్రం రమను ఒకటే అడిగింది. "అక్కా, గా మందులు వెట్టక ముందుగాల ఏదో దాచిపెడ్తరట గద, బిడ్డల కోసం. అక్కడ ఎవలను అడుగాలె? మా అత్తమ్మ అడుగుమంటుంది." అడగమన్నది బాలమ్మేనని వినగానే రమ పెన్ను తీసింది. ఎవరిని అడగాలో ఒక చీటీ మీద రాసి ఇచ్చింది.

మందులు అతని మీద ఎంత పనిచేశాయో చెప్పడం ఈ కథ పని కాదు. రిపోర్టు ఒక కాపీ జగిత్యాలలో ఫైల్లో ఉంది. అందులో వీరేందర్ పేరుంది, ఊరుంది, మూడు మార్కర్ల ఫలితాలున్నాయి, డాక్టర్ సంతకముంది, పొరలు కోసిన రమ పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. రోగి పూర్వచరిత్ర అనే గడిలో, బాల్యంలో వృషణానికి శస్త్రచికిత్స అని, పక్కన 'కుటుంబం చెప్పినది' అని ఉంటుంది. ఆ గడి చిన్నది. కుటుంబం అంటే ఎవరో అందులో పట్టదు. ఆరేళ్లు అందరి మాటలూ తాను పడి, భర్త చెప్పిన ఒక్క మాటను ఎవరికీ అందకుండా కాచిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆమె పేరు సరిత, ఇబ్రహీంపట్నం. ఈ మార్కర్ల పేర్లన్నీ మరిచిపోయినా సరే, ఆమెను మాత్రం గుర్తుంచుకోండి.